గాడులు లోతుగానే ఉన్నాయి, టైరే ముసలిదైంది

పాత స్పోర్ట్స్ కారుకి టైర్లు మార్చేటప్పుడు చేయవలసినవి - చేయకూడనివి

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన మనవాళ్ల గరాజుల్లో రెండు కార్ల పక్కన ఒక్కోసారి మూడోది కూడా కనిపిస్తుంది. పిల్లల్ని బడికి దింపడానికీ పనికిరాదు, సామాన్లు తేవడానికీ పనికిరాదు. 1990 నాటి మాజ్దా మియాటా కావచ్చు, ఎనభైల నాటి పోర్షే 911 కావచ్చు. పాతికేళ్లు నిండిన కార్లకి అమెరికాలో దిగుమతి నిబంధనలు సడలుతాయి కాబట్టి జపాన్ నుంచి ఓడెక్కి వచ్చిన నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ కూడా కావచ్చు. ఆదివారం పొద్దున్నే ఓ గంట తిప్పి, మళ్లీ గుడ్డ కప్పేస్తారు. ఇలాంటి కారు అమ్మేవాళ్లు తరచూ చెప్పే మాట ఒకటుంది: "టైర్లు చూడండి, కొత్తవాటిలా ఉన్నాయి."

చూడటానికి కొత్తవే, చిక్కంతా అక్కడే. రోజూ తిరిగే కారు టైరు అరుగుతుంది. గుండైపోయిందని కంటికే తెలుస్తుంది, మార్చేస్తాం. వారానికోసారి బయటికొచ్చే కారు టైరు అరగదు, ఉన్నచోటే ముసలిదవుతుంది. ఆ ముసలితనం గాడుల్లో కనపడదు. కాబట్టి ఇలాంటి కారు విషయంలో మనకి అలవాటైన పరీక్షల వరసే మారాలి. ముందు వయసు, తర్వాత సైజు, ఆ తర్వాత నాలుగింటికీ పొత్తు కుదిరిందా లేదా. కంపెనీ పేరు, ధర వీటన్నిటి వెనక వస్తాయి.

తేదీ చదవండి, గాడుల లోతు చూసి మోసపోకండి

సైడ్‌వాల్ మీద 'డాట్' అన్న మూడు అక్షరాలతో మొదలయ్యే వరస ఒకటి ఉంటుంది. దాని చివరి నాలుగంకెలే టైరు జాతకం. 2319 అని ఉంటే 2019లో 23వ వారం, అంటే జూన్ మొదట్లో తయారైందన్నమాట. ఈ నాలుగంకెలు తరచూ టైరుకి ఒక పక్కనే ఉంటాయి. ఆ పక్క కారు లోపలివైపుకి తిరిగి ఉంటే టార్చిలైటు పట్టుకుని కిందకి వంగాల్సిందే, బద్ధకించకండి. చివర మూడే అంకెలుంటే ఇక లెక్కలు అక్కర్లేదు. అది 2000కి ముందు తయారైన టైరు. దాని మీద టైర్ల షాపు దాకా కూడా నడపకండి. బండిని ట్రక్కు మీదకి ఎక్కించి పంపండి.

నీడన పెట్టి ఉంచిన టైరు ఎందుకు పాడవుతుంది? రబ్బరుని గాలిలోని ఓజోను, ఆక్సిజను మెల్లగా తినేస్తుంటాయి. వాటిని ఆపడానికి తయారీలోనే కొన్ని రసాయనాలు, మైనాలు కలుపుతారు. టైరు రోడ్డు మీద తిరుగుతూ వంగి లేస్తున్నప్పుడు అవి లోపల్నుంచి పైకి వచ్చి ఒక పొరలా కాపు కాస్తాయి. కదలని టైరుకి ఆ కాపు సరిగా అందదు. పైగా లోపల ఒత్తిడితో నింపిన గాలి లోపలి పొరల గుండా నెమ్మదిగా బయటికి పాకుతూ, ఉక్కు తీగల పట్టీలని రబ్బరుతో అంటిపెట్టి ఉంచే చోటుని గట్టిపరచి పెళుసు చేస్తుంది. టెక్సస్, అరిజోనా ఎండలకి వేడెక్కే గరాజుల్లో ఈ పని ఇంకా చురుగ్గా సాగుతుంది. పైన గాడులు ఎనిమిది మిల్లీమీటర్లు ఉన్నా, లోపల పొరకీ పొరకీ మధ్య బంధం సడలి ఉండొచ్చు. అది తెగే వేళ ఆదివారం పొద్దున్న హైవే మీద, ఎనభై మైళ్ల వేగంలో వస్తుంది.

నటుడు పాల్ వాకర్ మరణం చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2013 నవంబర్ 30న కాలిఫోర్నియాలోని శాంటా క్లారిటాలో ఆయన ఎక్కిన 2005 మోడల్ పోర్షే కరేరా జీటీ అదుపు తప్పింది. నడిపింది ఆయన స్నేహితుడు. గంటకి 45 మైళ్ల పరిమితి ఉన్న రోడ్డు మీద కారు 80 నుంచి 93 మైళ్ల వేగంతో వెళ్లిందని, ప్రమాదానికి కారణం ఆ వేగమేనని దర్యాప్తు అధికారులు తేల్చారు. ఆ టైర్లు తొమ్మిదేళ్ల నాటివని, వాటివల్ల కారు నిలకడ దెబ్బతిని ఉండొచ్చని కూడా నివేదికలో రాశారు. తప్పు వేగానిదే, అందులో వాదన లేదు. అయితే అంత ఖరీదైన కారుకి తొమ్మిదేళ్లపాటు అవే టైర్లుండటం చూస్తే, మామూలు మనుషులు ఎంత ఏమరుపాటుగా ఉంటారో ఊహించుకోవచ్చు.

బ్రిటన్‌లో దీనికి ఒక చట్టమే వచ్చింది. 2012లో ఒక సంగీతోత్సవం నుంచి జనాన్ని తిరిగి తీసుకొస్తున్న బస్సు సర్రేలో ప్రమాదానికి గురై ముగ్గురు చనిపోయారు. ముందు చక్రానికి ఉన్న టైరు వయసు పంతొమ్మిదిన్నర ఏళ్లు, అంటే ఆ బస్సు కన్నా పెద్దది. గాడులు మాత్రం చట్టప్రకారం సరిపడా ఉన్నాయి. మృతుల్లో ఒకరి తల్లి ఏళ్ల తరబడి పోరాడితే, 2021 ఫిబ్రవరి 1 నుంచి లారీలకి, బస్సులకి ముందు ఇరుసు మీద పదేళ్లు దాటిన టైర్లని నిషేధించారు. సొంత కార్లకి ఆ నిషేధం వర్తించదు. అక్కడ మీకు మీరే చట్టం.

మరి ఎన్నేళ్లు? అమెరికాలో కొందరు కార్ల తయారీదారులు ఆరేళ్లకే మార్చమంటారు. టైర్ల కంపెనీలు పదేళ్లు గరిష్ఠం అంటాయి. హుషారుగా తిప్పడానికే కొనుక్కున్న కారుకి పదేళ్ల గడువు మీద ఆశ పెట్టుకోవడం నాకు సమ్మతం కాదు. ఆరేళ్లు దాటాక ఏటా విప్పించి లోపలివైపు కూడా చూపించండి, ఎనిమిది దాటనివ్వకండి. సైడ్‌వాల్ మీద సన్నటి పగుళ్లు, గాడుల అడుగున చీలికలు, ఎంత దూరం నడిపినా తగ్గని అదురు, ఒకచోట చిన్న ఉబ్బు... వీటిలో ఏదైనా కనిపిస్తే వయసు లెక్క కూడా వద్దు. తీసెయ్యండి.

డిక్కీలో ఉన్న స్టెప్నీని మరిచిపోకండి. చాలా పాత కార్లలో అది కారుతోపాటు వచ్చిందే ఉంటుంది, ఒక్కసారి కూడా నేల తాకి ఉండదు. ముప్ఫై అయిదేళ్ల స్టెప్నీ చీకట్లో హైవే పక్కన మీకు చేసే సాయం ఏమీ లేదు.

సైజు లెక్క కట్టండి, కండ్లకి నిండుగా ఉందని వెడల్పు పెంచకండి

మొదటి తరం మియాటాకి కంపెనీ ఇచ్చిన సైజు 185/60 ఆర్ 14. అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ ఎత్తు అందులో 60 శాతం, 111. రిమ్ము 14 అంగుళాలు, అంటే 355.6. రెండు వైపులా సైడ్‌వాల్ కలిపితే టైరు మొత్తం ఎత్తు దాదాపు 578 మిల్లీమీటర్లు. ఇప్పుడు వచ్చే కార్లు పద్దెనిమిది, ఇరవై అంగుళాల చక్రాలకి ఎగబాకడంతో 14 అంగుళాల్లో మంచి పట్టున్న టైర్లు దొరకడం కష్టమైపోయింది. ఈ సైజులో దొరికేవి ఎక్కువగా చిన్న కుటుంబ కార్ల కోసం చేసిన గట్టి రబ్బరు టైర్లే.

అందుకే మియాటా యజమానులు చాలామంది 15 అంగుళాల రిమ్ముకి మారతారు. 195/50 ఆర్ 15 ఎత్తు 576 మిల్లీమీటర్లు, అసలుదానికి రెండు మిల్లీమీటర్లే తేడా. స్పీడోమీటరు అబద్ధం చెప్పదు, గేర్ల లెక్క చెడదు. 205/50 ఆర్ 15 అయితే 586, ఒకటిన్నర శాతం లోపు పెరుగుదల, అదీ ఫర్వాలేదు. మొత్తం ఎత్తులో తేడా మూడు శాతం దాటనివ్వకూడదన్నది ఈ పనిలో పాటించే గీత. 225/45 ఆర్ 15 కూడా ఎత్తు లెక్కలో సరిపోతుంది, కానీ దానికి కనీసం ఏడంగుళాల వెడల్పు రిమ్ము కావాలి. మియాటాకి మొదట్లో వచ్చిన రిమ్ము అయిదున్నర అంగుళాలే. ఇరుకు రిమ్ము మీద వెడల్పు టైరు వేస్తే సైడ్‌వాల్ బుడగలా ఉబ్బుతుంది. మలుపులో చక్రం ఒకటి చెప్తే టైరు ఇంకోటి చేస్తుంది. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు, గతుకులో దిగినప్పుడు లోపలి రేకులకి రాసుకుంటుంది కూడా.

ఆ రోజుల్లో టన్ను కూడా తూగని ఆ కారుకి సన్న టైరు ఇచ్చింది పిసినారితనం వల్ల కాదు. సైడ్‌వాల్ ఎత్తుగా ఉంటే టైరు పట్టు వదిలే ముందు నెమ్మదిగా చెప్పి మరీ వదులుతుంది. ఆ కారు నడపడంలో సగం ఆనందం అదే. పొట్టి సైడ్‌వాల్, మితిమీరిన పట్టు ఉన్న టైరు వేస్తే పట్టు తెగే హద్దు దూరం జరుగుతుంది గానీ తెగినప్పుడు హెచ్చరిక ఉండదు. ఏబీఎస్ కూడా లేని కారులో ఆ తేడా చిన్నది కాదు. ముప్ఫై ఏళ్ల బేరింగులు, రబ్బరు బుష్‌లు కూడా ఆ అదనపు భారాన్ని మొయ్యాలి.

డెబ్బైల నాటి కార్లయితే సైజు రాసే పద్ధతే వేరు. డాట్సన్ 240జెడ్ మీద 175 హెచ్‌ఆర్ 14 అని ఉంటుంది, శాతం అంకె కనపడదు. అలా లేకపోతే దాన్ని 80కి అటూఇటూగా తీసుకోవాలి. కొందరు 70 అనుకుని 175/70 ఆర్ 14 కొంటారు. అది మరీ పొట్టిదవుతుంది, కారు నేలకి కుంగుతుంది. 195/70 ఆర్ 14 అయితే అసలు ఎత్తుకి ఒకటి రెండు శాతం తేడాలోనే సరిపోతుంది.

ఇక ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడనిది ఒకటుంది. మిషెలిన్ కంపెనీ డెబ్బైల్లో టీఆర్‌ఎక్స్ అనే రకం తెచ్చింది, రిమ్ముని అంగుళాల్లో కాక మిల్లీమీటర్లలో కొలిచేది. కొన్ని ఫెరారీ 308లకి, 512 బీబీఐకి, కొన్ని బీఎండబ్ల్యూలకి, 1979 నుంచి 1984 దాకా ఫోర్డ్ మస్టాంగ్‌లో కొన్నిటికి ఇవి వచ్చాయి. 390 మిల్లీమీటర్ల రిమ్ము అంటే 15.35 అంగుళాలు. పదిహేనుకీ పదహారుకీ మధ్య ఉంది కదా, గాలి ఎక్కువ కొట్టి ఎక్కించేద్దాం అనుకునే షాపువాడు దొరికితే అక్కణ్నుంచి వెంటనే వచ్చేయండి. టైరు అంచు రిమ్ము మీద కూర్చోకుండానే పేలవచ్చు, పక్కనున్న మనిషి ప్రాణం పోవచ్చు. దీనికి రెండే దారులు. ఇప్పటికీ తయారవుతున్న టీఆర్‌ఎక్స్ టైరునే ఖర్చుపెట్టి కొనడం, లేదా రిమ్ములే మార్చేయడం.

వేగం అక్షరం, బరువు అంకె తగ్గించకండి

సైజు పక్కన 82 హెచ్ అని ఉంటే, 82 అంటే ఆ టైరు 475 కిలోలు మోయగలదని, హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్ల వేగానికి ఓర్చుకుంటుందని. వీ అయితే 240, డబ్ల్యూ 270, వై 300. ఈ రెండిట్లో ఏదీ కారు పుస్తకంలో ఉన్నదానికి తగ్గకూడదు. పెరిగితే నష్టం లేదు. ఎనభైల నాటి పుస్తకాల్లో 205/55 వీఆర్ 16 అని సైజు మధ్యలోనే అక్షరం ఉంటుంది. అప్పట్లో ఆ వీఆర్ అర్థం 210 దాటి ఎంతైనా అని, ఇప్పటి 240 హద్దు దానికి లేదు. కాబట్టి పాత 911 లాంటి వేగమైన కారుకి డబ్ల్యూ చూసుకోవడమే మేలు. మేం అంత వేగం పోం కదా అంటారు. వేగం అక్షరం వెనక అసలు కొలిచేది వేడిని తట్టుకునే శక్తిని. ఎండాకాలం అరిజోనా హైవే మీద మామూలు వేగంలో కూడా అదే పనికొస్తుంది.

పోర్షే వాళ్లు తాము పరీక్షించి ఒప్పుకున్న టైరు మీద ఎన్ అక్షరం, పక్కన ఒక అంకె వేయిస్తారు. మీ మోడల్‌కి, మీ సైజులో అలాంటిది దొరికితే వెతుకులాట అక్కడితో అయిపోయినట్టే.

వాడకాన్ని బట్టి రకం ఎంచుకోండి, పోటీ టైర్ల మోజులో పడకండి

వేసవి టైరు ఏడు డిగ్రీల సెల్సియస్ కిందకి దిగితే బిగుసుకుపోతుంది. గడ్డకట్టే చలిలో కదిపితే పగుళ్లు రావచ్చని తయారీదారులే చెప్తారు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండి జనవరిలో కూడా తీసేవాళ్లయితే ఆల్-సీజన్ కొనండి. డిసెంబర్ నుంచి మార్చి దాకా బండి తీయనివాళ్లకి వేసవి టైరే సరైనది.

సైడ్‌వాల్ మీద ట్రెడ్‌వేర్ (అరుగుదల అంకె) 200 అని ఉండే రకం ఒకటుంది. వారాంతపు పోటీలకి వెళ్లేవాళ్లు ప్రాణం పెట్టేది దీనికే. పొడి రోడ్డు మీద పట్టు అద్భుతం. గాడులు మొదట్నుంచీ తక్కువ లోతు కాబట్టి, హ్యూస్టన్‌లో కురిసే లాంటి కుండపోతలో నీటి మీద తేలిపోతుంది. ఆ 200 అన్న అంకె కూడా కంపెనీ తనకి తాను ఇచ్చుకున్నదే. ఒక కంపెనీ 200కీ ఇంకో కంపెనీ 200కీ మధ్య చాలా తేడా ఉండొచ్చు.

నాలుగూ ఒకే రకం కొనండి, రెండు మార్చి సరిపెట్టకండి

నాకు ఎక్కువ భయం కలిగించే పొదుపు ఇది. 1991 హోండా ఎన్‌ఎస్‌ఎక్స్‌కి ముందు 205/50 ఆర్ 15, వెనక 225/50 ఆర్ 16. రిమ్ముల ఎత్తే వేరు. 1993 టొయోటా ఎంఆర్2 టర్బోకి ముందు 195/55, వెనక 225/50, రెండూ 15 అంగుళాలు. ఇంజను నడుమనో వెనకో ఉన్న ఈ కార్లలో వెనక టైర్లు ముందే అరుగుతాయి. వెనక రెండే మార్చి, అదీ ముందున్న రకం కాకుండా దొరికింది వేస్తే, ముందు పట్టుకీ వెనక పట్టుకీ కుదరదు. తడి మలుపులో యాక్సిలరేటరు మీద నుంచి ఒక్కసారిగా కాలు తీయగానే వెనక భాగం ముందుకొచ్చేస్తుంది. పాత 911 టర్బోకి భర్తల్ని మింగే కారన్న చెడ్డపేరు ఊరికే రాలేదు.

ఇలాంటి కార్లకి రెండు సైజులూ ఒకే రకంలో దొరుకుతున్నాయో లేదో ముందు కనుక్కోండి. ఒక సైజు మాత్రమే ఉండి రెండోది ఆగిపోయిన రకాన్ని ముట్టుకోకండి. నాలుగూ ఒకే సైజున్న కారులో తప్పనిసరై రెండే మార్చాల్సి వస్తే, కొత్తవి వెనక్కే వెళ్లాలి. ముందు జారితే వేగం తగ్గించి ఎంతో కొంత సర్దుకోవచ్చు. వెనక జారితే మామూలు మనిషి చేతిలో ఏమీ ఉండదు.

స్కైలైన్ ఆర్32 జీటీ-ఆర్ సంగతి ఇంకోలా ఉంటుంది. నాలుగూ 225/50 ఆర్ 16లే. దాని నాలుగు చక్రాల డ్రైవ్ వ్యవస్థ, వెనక చక్రాలు ముందువాటికన్నా ఎంత వేగంగా తిరుగుతున్నాయో చూసి ముందుకి శక్తిని పంపుతుంది. ముందూ వెనకా అరుగుదల తేడాగా ఉంటే అది తిన్నటి రోడ్డు మీద కూడా చక్రం జారుతోందని భ్రమపడి లోపలి క్లచ్చిని వేడెక్కిస్తుంది. దీనికి రెండు టైర్ల బేరం అసలు లేదు.

ఎంజీ, ట్రయంఫ్ లాంటి పాత బ్రిటిష్ కార్లలో తీగ చక్రాలుంటే ట్యూబు తప్పదు, తీగల తలల దగ్గర గాలి నిలవదు కాబట్టి. ట్యూబుకి రాసుకునే గరుకు గీతలు లోపల లేని టైరు కొనండి. క్రాస్‌ప్లై టైర్లని రేడియల్‌తో కలపకండి.

ఎక్కడ కొనాలి

పెద్ద గొలుసు దుకాణంలో మీ సైజు కంప్యూటర్‌లో కనపడకపోతే లేదనుకోకండి. టెన్నెసీలోని చట్టనూగాలో ఉన్న కోకర్ టైర్, ఇంగ్లండ్‌లోని లాంగ్‌స్టోన్ లాంటివాళ్లు పాత కార్ల టైర్లే అమ్ముతారు. పిరెల్లీ కొల్లెట్సియోనే పేరుతో పాత సింటురాటో రకాలని కొత్త రబ్బరుతో మళ్లీ పోస్తోంది. మిషెలిన్‌కీ పాత కార్ల వరస ఉంది. ధర నొప్పిస్తుంది, నిజమే.

అరుదైన సైజు మెల్లగా అమ్ముడవుతుంది కాబట్టి గోదాములోనే అయిదేళ్లు పడి ఉన్న 'కొత్త' టైరు అంటగట్టే ప్రమాదం ఎక్కువ. డబ్బు కట్టే ముందే నాలుగంకెల ఫోటో అడగండి. వాడిన టైరు, ఎంత చవకైనా, ఈ కార్లకి వద్దు. దాని గతం మనకి తెలియదు.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఇలాంటి కారు ఉన్నవాళ్లకి ఇబ్బంది ఇంకాస్త ఎక్కువ. 2020 జూన్‌లో భారత ప్రభుత్వం కొత్త టైర్ల దిగుమతిని ఆంక్షల జాబితాలో పెట్టాక, అక్కడ తయారుకాని సైజు తెప్పించుకోవడం లైసెన్సుల వ్యవహారమైంది. వాళ్లు అక్కడ దొరికే సైజుకి సరిపోయే రిమ్ము వెతుక్కోవడం మంచిది. రిమ్ము మారిస్తే బోల్టుల దూరం ఒక్కటే చూసి ఆగకండి. నడిమి రంధ్రం, రిమ్ము లోపలికీ బయటికీ ఎంత జరిగి ఉందన్నదీ సరిపోవాలి.

బిగించే రోజు దగ్గరుండండి

టైరు విప్పినప్పుడు రిమ్ము లోపలివైపు కడిగించి పగుళ్లున్నాయేమో చూడండి. పాత అల్లాయ్ మీద గతుకుల దెబ్బలు అక్కడే దాక్కుంటాయి. రబ్బరు వాల్వులు కొత్తవి వేయించండి. బ్యాలెన్సింగు, అలైన్‌మెంట్ అదే రోజు చేయించండి.

షాపులో కుర్రాడు అలవాటు కొద్దీ 35 పీఎస్ఐ కొట్టేస్తాడు. మొదటి తరం మియాటాకి కంపెనీ చెప్పింది 26. టైరు మీద అచ్చేసిన అంకె దాని గరిష్ఠ హద్దు, మీ కారుకి కావలసిన గాలి కాదు. డోరు దగ్గర అంటించిన కాగితం చూడండి. అమెరికాలో గాలి తగ్గితే దీపం వెలిగే ఏర్పాటు అన్ని కొత్త కార్లకీ తప్పనిసరైంది 2007 సెప్టెంబర్ నుంచే. మీ కారు మీకేమీ చెప్పదు. పది డాలర్ల గేజి ఒకటి డిక్కీలో ఉంచి, బయల్దేరే ముందు టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలవండి.

నట్లు గాలి తుపాకితో బిగించనివ్వకండి. మియాటాకి 65 నుంచి 87 అడుగు-పౌండ్లు, అల్యూమినియం నట్లున్న పాత 911కి 96. టార్క్ రెంచితో చేత్తో బిగించమనండి, యాభై అరవై మైళ్లు తిరిగాక మళ్లీ మీరే ఒకసారి చూసుకోండి. అచ్చులోంచి సులువుగా ఊడిరావడానికి పూసిన జిడ్డు కొత్త టైరు మీద ఇంకా ఉంటుంది. కాబట్టి మొదటి రెండు మూడు వందల మైళ్లు, ముఖ్యంగా తడి రోడ్డు మీద, మలుపులు మెల్లగా తిప్పండి.